తుమ్ముల దారిలో వినుకొండ దాకా

పెళ్లికొచ్చిన చుట్టాలు అప్పగింతలు కాగానే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయే రోజులు పోయాయి. ఇప్పుడు పెళ్లి ఎవరి ఊళ్లోనూ కాకుండా ఎక్కడో ఒక రిసార్టులో చేస్తున్నారు. అటువాళ్లూ ఇటువాళ్లూ అందరూ అతిథులే. "ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా" అని ఇంకో రెండు రోజులు ఉండిపోతున్నారు. దాంతో పెళ్లివారి నెత్తిన కొత్త బరువొకటి పడింది. వీళ్లకి ఏం చూపించాలి?

మా గుంటూరు, ప్రకాశం వైపు ఎవరినైనా ఈ ప్రశ్న అడగండి, తెల్లమొహం వేస్తారు. "మా దగ్గర ఏముందండీ, మిరపకాయలు, పత్తి, దుమ్ము" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చూడదగ్గ చోటంటే గుడి, జలపాతం, రాజుగారు వదిలేసి పోయిన కోట, ఈ మూడేనని ఎవరు శాసనం వేయించారు? దేశం కూరలో వేసుకునే కారమూ ఒంటికి చుట్టుకునే గుడ్డా పుట్టే నేల చూడదగ్గది కాకుండా ఎలా పోయింది? రాజులు కట్టినదాన్ని చూడటానికి కొండెక్కుతాం. మనుషులు రోజూ చేసేదాన్ని చూడటానికి బండి కూడా ఆపం.

ఈ వాదన నేను చాలా వేదికల మీద చేశాను. కానీ దాన్ని ఒక మినీ బస్సులో, ఒక పెళ్లికొడుకు తల్లి ముందు నిరూపించాల్సి వస్తుందని అనుకోలేదు.

మా చెల్లెలి కూతురు పళ్ల డాక్టరు. వినుకొండలో చిన్న క్లినిక్ పెట్టుకుంది. ఆమె చేసుకున్న అబ్బాయి కోయంబత్తూరులో నూలు మిల్లు ఇంజనీరు. వాళ్ల మిల్లుకి దూది బేళ్లు చిలకలూరిపేట నుంచే వెళ్తాయి. ఆ పని మీద వస్తూ పోతూ ఒకసారి ఈ వైపే పన్ను నొప్పితో ఇరుక్కున్నాడు. మా పిల్ల చేతిలో పన్ను పోయింది, మనసూ పోయింది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు వాళ్లు. ఎన్ని తరాల కిందట అక్కడికి వెళ్లారో వాళ్లకే తెలియదు గానీ, భాషని మాత్రం వదల్లేదు.

పెళ్లి బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున జరిగింది. ముహూర్తం పెళ్లికొడుకు తల్లి పెట్టించింది. జీవితమంతా ముహూర్తాలు వద్దని వ్యాసాలు రాసినవాణ్ణి, నోరు మూసుకుని అక్షింతలు వేశాను. ఎందుకంటే అంతకంటే పెద్ద విషయం ఒకటి తేలకుండా ఉంది.

అబ్బాయికి చిలకలూరిపేట మిల్లులో ఉద్యోగం ఖాయమైంది. నరసరావుపేటలో ఇల్లు తీసుకుంటే ఇద్దరికీ దారి చెరి సగమవుతుందని వాళ్ల లెక్క. తల్లికి ఇష్టం లేదు. భర్త పోయాక ఒక్క కొడుకుని పెంచుకున్న మనిషి. "ముందు ఆ చోటు చూస్తాను. నా బిడ్డ బతకదగ్గ చోటని తోస్తే సరే. లేకుంటే ఇద్దరూ నాతో రైలెక్కండి. పళ్లు కోయంబత్తూరులోనూ ఉండాయి" అంది. ఆ చోటు చూసిన మర్నాటి సాయంత్రం చీరాలలో ఎక్కే రైలుకి కొడుకు, కోడలి టిక్కెట్లు కూడా కొనిపించింది.

నాకు మండింది. "చదువుకున్న దానివి. నీ పని ఉండాలో పోవాలో ఆవిడ షికారు తేలుస్తుందా?" అని మేనకోడలి మీద లేచాను.

ఆమె నవ్వి, "ఆవిడ కాదన్నా నేను క్లినిక్ మూయను మామయ్యా. కానీ అప్పుడు మా ఆయన వారం అక్కడా వారం ఇక్కడా నలిగిపోతాడు. నాకు అలాంటి కాపురం వద్దు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, చూసి చెప్తానంది. చూపించు. చర్చ మాత్రం పెట్టకు" అంది.

చర్చ పెట్టకుండా చూపించడం. అది నాకు జీవితంలో ఎవరూ అప్పగించని పని.

పెళ్లి మర్నాడు పొద్దున మిగిలిన చుట్టాలని పెద్ద బస్సులో ఉండవల్లి గుహలకీ అమరావతికీ పంపించాం. అవి నేను కూడా చూడమనే చెప్తాను. ఉండవల్లిలో కొండని అంతస్తులుగా తొలిచిన ఉలి గాట్లు ఇంకా కనిపిస్తాయి. అమరావతి పాలరాళ్లలో దేవుళ్ల కన్నా ఏనుగులూ ఆడవాళ్లూ గుంపులుగా తోసుకునే జనమూ ఎక్కువ. చేసినవాడి చూపు ఎటుందో అర్థమవుతుంది. మా చిన్న బండిలో మాత్రం మేనకోడలి అత్తగారు, కొత్త దంపతులు, నేను, డ్రైవరు. డ్రైవరు చిలకలూరిపేట ముస్లిం. మాటకి ముందు నవ్వే మనిషి.

అందరం ఎక్కాం. డ్రైవరు తాళం తిప్పుతూ "బయల్దేరదామా అమ్మా?" అని గట్టిగా తుమ్మాడు. ఒకే ఒక్క తుమ్ము.

అత్తగారు మాట్లాడకుండా బండి దిగింది. వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని మంచినీళ్లు అడిగింది.

"ఏమైంది సార్? వాంతా?" అన్నాడు డ్రైవరు నాతో, భయంగా.

"నీ తుమ్ము" అన్నాను.

నేను దిగి ఆవిడ దగ్గరికి వెళ్లాను. మేనకోడలు కిటికీలోంచి వేలు చూపించి బెదిరిస్తోంది. అయినా నోరు ఊరుకోలేదు. "తుమ్ముకి కారణం ముక్కులో దుమ్ము చెల్లెమ్మా. అది మీ ప్రయాణానికి ఏం అడ్డం వస్తుంది?"

"కారణం నాకూ తెలుసన్నా" అంది ఆవిడ, తొణక్కుండా. "దారిలో పిల్లి ఎలక కోసం పోతుందనీ తెలుసు. అయినా ఆగుతాను. ఆగితే మీకేం నష్టం?"

"టైము."

"కూర్చోండి. టైము మీ ఒక్కరిదే కాదు, నాది కూడా పోతా ఉండాది."

ఎన్నో చర్చావేదికల్లో ఎంతోమందితో తలపడ్డాను. ఇంత నెమ్మదిగా నన్ను కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లు తక్కువ.

మా మేనకోడలి లెక్క ఏమిటంటే, మధ్యాహ్నానికల్లా వినుకొండ చేరాలి, అత్తగారు క్లినిక్ చూడాలి, జనాన్ని చూడాలి. మర్నాడు రైలు. ఆవిడ లెక్కలో ఇంకోటి ఉంది, కోటప్పకొండ మీది శివుడి గుడి. ప్రతి తుమ్ముకీ ఇలా దిగితే ఈ రెండింటిలో ఒకటి ఎగిరిపోతుంది. ఏది పోతుందో నాకు బాగా తెలుసు.

మొదట మార్టూరు. హైవే పక్కన రాతి పలకలు పుస్తకాల బీరువాలో పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. లోపలికి వెళ్లి చూడమని నా సలహా. లారీలో వచ్చిన బండ, ఎవరూ రెండోసారి చూడని ముతక బండ, రంపం కింద నీళ్లలో తడుస్తూ పలకలవుతుంది. పాలిష్ మిషను కింద తిరిగి తిరిగి చివరికి అందులో మీ మొహం కనిపిస్తుంది. ఆకాశాన్నే నేల మీద పరుస్తున్నట్టుంటుంది. అత్తగారు ఒక నల్ల పలకలో తన బొట్టు సరిచేసుకుని "బాగుండాది" అంది. అంతే. మళ్లీ బండెక్కాం. డ్రైవరు తుమ్మాడు.

ఆవిడ దిగబోయింది. "రెండైతే దోషం లేదు, ఒక్కటైతేనే ఆగాల" అని గొణిగింది. డ్రైవరు చెవిలో ఆ మాట పడింది. వెంటనే "హా...చ్చ్!" అని ఇంకోటి వదిలాడు.

అత్తగారు ఒక కాలు మెట్టు మీద పెట్టుకుని వాడి వంక చూసింది. "ఏమయ్యా, రెండోది దొంగ తుమ్ము."

"అల్లా తోడు అమ్మా, రాబోయేదాన్ని కొంచెం ముందు లాగాను, అంతే."

పెళ్లికొడుకు పడీ పడీ నవ్వాడు. ఆవిడ కూడా నవ్వాపుకుంటూ వెళ్లి చెట్టు నీడలో కూర్చుంది. దొంగ తుమ్ముకి రాయితీ లేదు.

చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు చూపించాను. కొండంత పత్తి కుప్ప. మిషన్లు దాన్ని లాక్కుని గింజని కిందికి రాలుస్తాయి, దూదిని ముందుకి తోస్తాయి. లోపల మంచు కురుస్తున్నట్టుంటుంది, ఊపిరి మాత్రం వేడిగా ఉంటుంది. చివర ప్రెస్సు దగ్గర అంత మబ్బునీ నలిపి, బిగించి, ఒక బేలు చేసి తోసేస్తారు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. పత్తి పువ్వులో గింజ ఎంత గట్టిగా దాక్కుంటుందో చేత్తో ఒలిచి చూసినవాళ్లకే తెలుసు. ఆ మొండి గింజని ఇలా క్షణంలో విడదీసే ఉపాయం కనిపెట్టిన మనిషి బుర్రకి నేను దండం పెడతాను. దండం పెట్టాలనిపిస్తే ఇలాంటి చోట్లే పెట్టండి.

అత్తగారు అక్కడ మారిపోయింది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. లోపలికి పోతూనే కుప్పలోంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య లాగి, వెలుగుకి పట్టి చూసింది. పెళ్లికి ముందూ తర్వాతా చాలా ఏళ్లు ఆవిడ నూలు మిల్లులో పనిచేసిందట. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు.

"ఇది మా మిల్లుకి వచ్చే దూదే" అంది కొడుకుతో. "ఎక్కడో పుడతాది అనుకున్నాను. ఇక్కడా?"

"ఇక్కడే అమ్మా."

"బేలు మీద ఊరి పేరు చదివేవాళ్లం. ఊరనుకోలేదు, రకం పేరనుకున్నాం" అని నవ్వింది.

ఆ మాట నాకు చాలా నచ్చింది. ఒక ఊరి పేరు మోసుకుంటూ బేళ్లు ఆ మూల వరకూ పోవడం, అక్కడ ఒక ఆడమనిషి ఆ పేరుని వేళ్లతో గుర్తుపట్టడం. ఏ శిలాశాసనం కన్నా ఇది తక్కువ? ఆవిడ గుమ్మం బయట చెప్పులు విడవడం మీద ఒక మాట అనాలని నాకు నాలుక దురద పెట్టింది. మేనకోడలు నా మోచెయ్యి గిల్లింది.

భోజనాలయ్యేసరికి పొద్దు వాలడం మొదలైంది. నరసరావుపేట దారిలో రోడ్డుకి రెండు వైపులా మిరప కల్లాలు. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చే రోజులవి. నేల కనపడకుండా ఎరుపు. ఈ వైపు పెళ్లికి వచ్చి మిరప కల్లం చూడకుండా పోయేవాణ్ణి నేను క్షమించను. దూరం నుంచి ఫొటో తీసుకుని పోవడం కాదు, దిగి, గట్టు మీద నిలబడి, ఆ రంగు కళ్లలోకీ ఆ ఘాటు గొంతులోకీ దిగేదాకా ఉండాలి. ఉదయం ఎరుపు వేరు, మధ్యాహ్నం ఎరుపు వేరు. సాయంత్రం వెలుగులో కాయలు లోపల దీపం పెట్టినట్టుంటాయి.

డ్రైవరు తన బావమరిది కల్లం దగ్గర ఆపాడు. బావమరిది పట్టలు సర్దుతున్నాడు. పక్క ఊరి చర్చి వీధి ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. తాలు కాయంటే రంగు వెలిసిపోయిన కాయ. ఒక్కటి కలిసినా మిర్చి యార్డులో రేటు దిగిపోతుంది. ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. గుడ్డ కట్టుకుంటే మాత్రం, వరస ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తుమ్ములు పాకుతూనే ఉన్నాయి. ఒకరు ఆపితే ఇంకొకరు.

అత్తగారు ఒక కాలు బండిలో, ఒక కాలు కిందా పెట్టి ఆగిపోయింది. ఏ తుమ్ముకని ఆగాలి? ఏది ఒంటిది, ఏది జంట? ఆవిడ మొహం చూస్తే నిజంగా లెక్క పెడుతోందని తెలుస్తోంది. కాసేపటికి లెక్క తప్పింది. ఆవిడే తుమ్మింది.

వరసలో అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు.

"రాండమ్మా రాండి, అందరం ఒకటే అయ్యాం!" అంది పెద్ద వయసావిడ ఒకామె.

"ఇన్ని తుమ్ములేమమ్మా? మీకు శకునం పట్టింపు లేదా?" అంది అత్తగారు.

"శకునమా? తుమ్ము వచ్చిందంటే కాయ గలగలా ఎండినట్టు. మాకదే మంచి శకునం. తుమ్ము రాకపోతేనే భయం. లోపల చెమ్మ ఉన్నట్టే, బూజొచ్చి చచ్చినట్టే."

"వానొస్తే తుమ్ములాగిపోతాయమ్మా" అన్నాడు బావమరిది. "అప్పుడు మేం ఏడుస్తాం."

అత్తగారు వంగి కింద పడ్డ కాయ ఒకటి తీసి చెవి దగ్గర ఆడించింది. తర్వాత తలూపింది. "సరే. ఈ నేలకి తుమ్ము మంచిది" అని తీర్పు చెప్పి కల్లంలోకి నడిచింది.

చూశారా! నలభై ఏళ్లుగా నేను శకునాన్ని చంపాలని కర్ర పట్టుకుని తిరుగుతుంటే, ఆవిడ దాన్ని చంపలేదు, ఇల్లు మార్పించింది. ఇది తర్కం కాదు. తుమ్ముకి మంచీ లేదు చెడ్డా లేదు అని చెప్పబోయాను. "మామయ్యా, ఆవిడ బండి దిగి కూర్చోవడం మానేసింది కదా. అది చాలు" అంది మేనకోడలు పళ్ల మధ్యనుంచి. ఒప్పుకోవాల్సిందే. ఆ తర్వాత వినుకొండ దాకా డ్రైవరు ఎన్నిసార్లు తుమ్మాడో, ఆవిడ కిటికీలోంచి తల కూడా తిప్పలేదు.

కానీ కల్లంలో ఇంకొకటి జరిగింది. టీ వచ్చింది. ఆడవాళ్లు గుడ్డలు విప్పి గ్లాసులు అందుకున్నారు. అత్తగారి తెలుగు వాళ్లకి తమాషాగా ఉంది, వాళ్ల తెలుగు ఆవిడకి. "ఉండాది" అని ఆవిడ అనడం, వాళ్లు నవ్వడం. నవ్విన ప్రతిసారీ ఒక్కొక్కరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. కొందరు చెయ్యి, కొందరు పమిట కొంగు.

అత్తగారికి అది ఎంతో నచ్చింది. "ఎంత మర్యాద అన్నా మీ ఊరి ఆడవాళ్లకి! మా పక్క వెనకటికి పెద్దోళ్ల ముందర ఇట్లే నోటికి చెయ్యి పెట్టుకునేవాళ్లు. ఇప్పుడెవరు పెడతా ఉండారు?"

నా రక్తం ఉడికింది. మేనకోడలి గిల్లుడు కూడా పనిచెయ్యలేదు. నేను లేచి నిలబడ్డాను. "అమ్మా! ఎవరి ముందూ నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి. ఒకప్పుడు పెద్దకులాల వాళ్లు మీ తాతల చేత బలవంతాన పెట్టించిన చెయ్యి అది. ఎండలో కూర్చుని పని చేసి కూలి తీసుకుంటున్నారు, ఎవరి దయా కాదు. మేం మీకు పెద్దలమూ కాదు, మీరు మాకు చిన్నలూ కాదు. నవ్వొస్తే పళ్లన్నీ కనపడేలా నవ్వండి!"

వాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. తర్వాత ఇందాకటి కన్నా ఎక్కువ నవ్వారు, ఇందాకటి కన్నా గట్టిగా నోళ్లు మూసుకుని.

"అట్టాగే లేండి బాబూ" అంది పెద్దావిడ, చేతి వెనకనుంచి.

"ఏమే, పళ్లన్నీ కనపడాలంట, చూపించు!" అని ఇంకొకామె పక్కామెని పొడిచింది. ఆ పక్కామె కొంగుతో మొహమే కప్పేసుకుంది.

బండెక్కాక అత్తగారు అంది: "మర్యాదని కూడా తప్పంటారేమన్నా మీరు?"

"అది మర్యాద కాదు, బానిసత్వం" అన్నాను.

"మీ ఇంట్లో పెద్దలకి లేవరా? నమస్కారం పెట్టరా?"

"నమస్కారం రెండు వైపులా ఉంటుంది. ఇది ఒకవైపే."

మా మేనకోడలు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "అయిపోయిందా ఇద్దరిదీ? ఒకరు తూర్పు నుంచీ ఒకరు పడమర నుంచీ వచ్చి ఒకే గోతిలో పడ్డారు. అది మర్యాదా కాదు, బానిసత్వమూ కాదు. గార పళ్లు."

"గార పళ్లా?" అన్నాం నేనూ అత్తగారూ ఒకేసారి.

"ఈ వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ అత్తయ్యా. పసితనంలో, పళ్లు లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే, వచ్చే పళ్ల మీద గార పట్టినట్టు మచ్చలు పడతాయి. తోమితే పోవు. బొగ్గుతో తోముతారు, ఇసుకతో తోముతారు. 'మా వంశంలో అందరికీ ఇంతేనండి' అంటారు. బళ్లో ఎవడో ఒకడు వెక్కిరిస్తాడు. ఆ రోజు పైకి లేచిన చెయ్యి ఇంక దిగదు. మామయ్యేమో పళ్లన్నీ కనపడేలా నవ్వమన్నాడు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. వాళ్లెందుకు అంతగా నవ్వారో అప్పుడు తెలిసింది. వాళ్లు నా మీద కోపం కూడా తెచ్చుకోలేదు. ఎంత పెద్ద మనసు!

కోటప్పకొండ మలుపు వచ్చింది. డ్రైవరు వేగం తగ్గించి అద్దంలో అత్తగారి వంక చూశాడు. పొద్దు చాలా వాలింది. కొండెక్కితే క్లినిక్ లేదు.

"నీ క్లినిక్ కి ఎంత దూరం?" అంది అత్తగారు కోడలితో.

"తిన్నగా పోతే చీకటి పడేలోపు చేరతాం."

"తిన్నగా పోనీ."

నా మొహంలో ఆనందం ఆవిడకి కనిపించినట్టుంది. "మీరు గెలిచినట్టు చూడకండన్నా. కొండ ఎక్కడికీ పోదు, ఇంకోసారి ఎక్కుతాను" అంది. ఇంకోసారి అన్న మాట పెళ్లికొడుకు పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను.

వినుకొండ వచ్చేవాళ్లు కొండ మీది కోట చూస్తారు, చూడాల్సిందే. కింద ఊరు పొలాల నుంచి వచ్చే బళ్లతో, ఎరువుల బస్తాలతో, గట్టి గట్టి మాటలతో కిటకిటలాడుతుంటుంది. పైన ఆ కొండ మాత్రం ఏమీ విననట్టు నిలబడి ఉంటుంది. మా మేనకోడలి క్లినిక్ ఒక విత్తనాల కొట్టు మీద మేడ. పెళ్లికి సెలవని బోర్డు రాసి తగిలించి ఉంది. ఆ బోర్డు కిందే మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు.

"సెలవని రాశాను కదండీ!" అంది మేనకోడలు.

"మీరు ఈ దారిన వస్తున్నారని కొట్టాయన చెప్పాడమ్మా" అన్నాడు ఒకాయన, బుగ్గ పట్టుకుని. కొట్టాయనకి ఫోన్ చేసి తాళం తీయించమన్నది మేనకోడలే. ఊరికంతా చెప్తాడని అనుకోలేదు.

నొప్పులున్నవాళ్లకి మాత్రలు రాసి పంపింది. ఒకమ్మాయి మాత్రం కదల్లేదు. సోమవారం గుంటూరులో బట్టల షాపులో చేరుతోందట. కౌంటర్ దగ్గర నవ్వుతూ నిలబడే ఉద్యోగం. ముందుపళ్ల మచ్చలు కప్పే పని సగంలో ఉంది. మాట్లాడుతున్నంత సేపూ చెయ్యి నోటి మీదే.

మేనకోడలు చేతులు కడుక్కోబోయి ఆగింది. రెండు చేతులకీ మోచేతి దాకా పెళ్లి గాజులు. అత్తగారు కోయంబత్తూరు నుంచి తెచ్చి తన చేత్తో తొడిగినవి. వాటి మీద గ్లవ్స్ ఎక్కవు. కొత్త పెళ్లికూతురు పసుపు ఆరకుండా గాజులు తీయడమంటే ఆ అత్తగారి దృష్టిలో ఏమిటో మా అందరికీ తెలుసు. పిల్ల అత్తగారి వంక చూసింది. పెళ్లికొడుకు నేల వంక చూశాడు. నేను, నమ్మండి, ఏమీ అనలేదు.

అత్తగారు ముందుకొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. సబ్బు నురగ రాసి, ఒక్కొక్కటే, చిట్లకుండా తీసింది. ఒక్కో చేతికి ఒక్కోటి ఉంచి దాన్ని మోచేతి వైపు పైకి తోసింది. మిగతావి కొంగులో మూటకట్టుకుని బల్ల మీద కూర్చుంది. "కానీ" అంది.

లోపల పని సాగినంత సేపూ తలుపు తెరిచే ఉంది. నూలు మిల్లులో పనిచేసిన కళ్లు అవి. కోడలి వేళ్ల మీద నుంచి చూపు కదల్లేదు. మధ్యలో నాతో మెల్లిగా "చెయ్యి నిలకడగా ఉండాది" అంది. ఎవరినైనా ఆవిడ పొగడగా నేను విన్న మొదటి మాట అది.

చివరికి ఆ అమ్మాయికి అద్దం ఇచ్చారు. చూసుకుంది. ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. నవ్వొచ్చింది. నవ్వుతో పాటే చెయ్యి పైకి లేచి నోటిని కప్పేసింది.

"ఏం పాపా!" అంది అత్తగారు బల్ల మీద నుంచే. "ఇంతసేపు కష్టపడి చేస్తే మూసేస్తే ఎట్ల? మాకు కనపడొద్దా? నేను అంత దూరం నుంచి వచ్చింది దానికే."

ఆ అమ్మాయి సిగ్గుపడి చెయ్యి దించింది. మళ్లీ లేవబోయింది. ఇంకో చేత్తో పట్టుకుని ఆపుకుంది. ఆ నవ్వు చూశాక నాకు అమరావతి పాలరాయి కూడా కాస్త వెలిసినట్టే అనిపించింది.

పని అయ్యాక అత్తగారు గాజులు మళ్లీ తొడగడానికి కూర్చుంది. తొడుగుతూ కోడల్ని అడిగిన ప్రశ్నలన్నీ పని గురించే. ఈ మరక మళ్లీ వస్తుందా? ఈమెకి రాదు, నీళ్లు మారకపోతే పుట్టబోయే పిల్లలకి వస్తుంది. నీళ్ల సంగతి జనానికి ఎవరు చెప్తారు? నేనే చెప్తున్నాను, బళ్లకీ చర్చికీ మసీదుకీ వెళ్లి. వింటారా? కొందరు. మిగతావాళ్లు? వాళ్లకి మళ్లీ చెప్తాను. వాదన లేదు, వేదిక లేదు. మళ్లీ చెప్తాను, అంతే. మా ఇంటి ఆడపిల్ల మాట విని నేను గర్వపడ్డాను.

మర్నాడు సాయంత్రం చీరాల స్టేషను. ఉండవల్లి వెళ్లొచ్చిన చుట్టాలు ఫోన్లలో గుహలు చూపించుకుంటున్నారు. అత్తగారు రాత్రి నుంచీ ఏమీ తేల్చలేదు. అందరి సామానుతో పాటు కొడుకు, కోడలి పెట్టెలు కూడా ప్లాట్‌ఫారం మీద ఉన్నాయి. మా చెల్లెలు వాటి వంక చూడలేక పక్కకి తిరిగి నిలబడింది. రైలు వచ్చింది. చుట్టాలు ఎక్కేశారు. పెళ్లికొడుకు తమ పెట్టె ఎత్తబోయాడు.

"అది ఎందుకు ఎత్తుతా ఉండావు?" అంది తల్లి మెట్టు మీద నుంచి.

వాడు ఎత్తిన పెట్టె ఎత్తినట్టే పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ లోపలికి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. కోడల్ని దగ్గరికి రమ్మంది. రైలు కదలబోతుంటే ఊచల మధ్యనుంచి వేలు చూపిస్తూ, "ఇల్లు చూసేటప్పుడు గది చూడొద్దు, గాలి చూడొద్దు. ముందు నీళ్లు పరీక్ష చేయించు. బోరు నీళ్లయితే వద్దను. నా మనవళ్ల పళ్లకి గార పట్టిందో, డాక్టరువని కూడా చూడను!"

"అలాగే అత్తయ్యా" అంటూ మా మేనకోడలు కిటికీ పట్టుకుని పక్కన నడిచింది. "పరీక్ష కాగితం మీకే పంపిస్తాను."

"కాగితం వద్దు. నేనే వచ్చి తాగి చూస్తాను."